అమ్మ దగ్గర డ్యూటీ

షీబా పద్నాలుగు వేల జీతంతో మొదలుపెట్టింది. గుడివాడలో గోవర్ధనరావు డాక్టరుగారి నర్సింగ్ హోమ్‌లో ఐసీయూ నర్సు. పొద్దున్నే బస్టాండు దగ్గర ఇడ్లీ తిని లోపలికెళ్ళి, రాత్రి నర్సు నుంచి పేషెంట్లను అప్పగించుకునేది. ఏ బెడ్డు మీద ఎవరు, ఏ మందు నడుస్తోంది, అన్నీ నోటితో చెప్పాలి. విన్న నర్సు "సరే, చూసుకుంటా" అనాలి. అలా అనేదాకా పాత నర్సే డ్యూటీలో ఉన్నట్టు.

షీబా డ్యూటీలో ఉండగా ఎవరూ పోయేవారు కాదు.

అది ఊళ్ళో అందరికీ తెలుసు. "ఇంకో డ్యూటీ చెయ్యండి సిస్టరుగారూ, పిల్ల పామర్రు దాటిందంట" అని బంధువులు బతిమాలేవారు. షీబా ఉండేది. పిల్ల వచ్చి చూసుకునేది. షీబా పక్క నర్సుకి అప్పగించి మెట్లు దిగేలోపే పైనుంచి ఏడుపు వినిపించేది. నొప్పి మాత్రం ఆమె డ్యూటీలోనూ ఆగేది కాదు. ప్రాణం ఒక్కటే ఆగేది.

సెలైన్ చుక్కల లెక్క నోటితో వేసే పిల్ల, తన బతుకు లెక్క కూడా వేసుకుంది. గల్ఫ్ పరీక్ష రాసి వెళ్తే డబ్బు బాగానే వస్తుంది, కానీ అమ్మని తీసుకెళ్ళనివ్వరు. జర్మనీ అంటే ముందు భాష నేర్చుకోవాలి. విజయవాడలో ఒక పెద్దాసుపత్రి స్టైపెండ్ ఇచ్చి రెండేళ్ళు ఐసీయూ నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు చదివిస్తోంది. పూర్తయితే నాలుగు రెట్ల జీతం. పక్కనే గది తీసుకుని అమ్మకి మంచి వైద్యం చేయించొచ్చు.

"ఐదు వేలు పెంచుతానమ్మా, ఉండిపో" అన్నారు డాక్టరుగారు.

"అక్కడ చదువుకుంటుంటేనే అంతకన్నా ఎక్కువిస్తారు సర్."

ఇంటర్వ్యూకి పిలుపొచ్చేసరికి అమ్మ కృపావతి మంచాన పడింది. కేన్సర్ కాలేయానికి పాకిందనీ, ఇంటికి తీసుకెళ్ళిపొమ్మనీ బందరు డాక్టర్లు చెప్పారు. ఆదివారం దాటదన్నారు. షీబా సెలవు పెట్టి దివిసీమలో కోడూరు ఇంటికి వచ్చింది. అమ్మకి ఒళ్ళు తుడిచింది, పక్కకి తిప్పింది, నాడి చూసింది. ఆదివారం దాటింది. ఆ తర్వాతదీ దాటింది. ఒంట్లో ఎముకలు తప్ప ఏం మిగల్లేదు. దుప్పటి తగిలినా మూలుగుతోంది.

"నీ డ్యూటీలో ఉంది కాబట్టే పోవట్లేదే మీ అమ్మ" అంది తోడుండడానికి వచ్చిన పిన్ని.

"నేను సెలవులో ఉన్నాను పిన్నీ. ఇది డ్యూటీ ఎలా అవుతుంది?" అంది షీబా.

చర్చి తరఫున ఇంటింటికీ వెళ్ళి వాక్యం చెప్పే రెబెకా పిన్ని మొహం చిట్లించింది. "సెలవు పెట్టింది డాక్టరు దగ్గర. మీ అమ్మని ఎవరికి అప్పజెప్పావే?"

షీబా చేతిలో ఉన్న అమ్మ మణికట్టు వదిలేసింది.

"సంఘంవాళ్ళు రెండుసార్లు ఆఖరి ప్రార్థన చేసి టీ తాగి వెళ్ళారు" అంది కృపావతి, కళ్ళు మూసుకునే. "మూడోసారి పిలిస్తే బాగోదే."

"రేపటి ఇంటర్వ్యూకి నేను వెళ్ళనమ్మా. ఆ చదువు నీకోసమనే కదా చూసుకుంది!"

"నాకోసం చూసుకున్నావు, సంతోషం. ఇప్పుడు నీకోసం ఉంచుకో. ఇంక నన్ను పోనీ తల్లీ. నావల్ల కావట్లేదు."

తెల్లారాక షీబా తల దువ్వుకుని మంచం పక్కన నిలబడింది. పిన్ని ఎదురుగా నిలబడింది.

"పేషెంటు పేరు కృపావతి. యాభై ఎనిమిదేళ్ళు. పొద్దున రెండు చెంచాల జావ తాగింది. ఎడమవైపు తిప్పకూడదు, నొప్పి. పెదాలు ఆరితే తడిగుడ్డ అద్దాలి."

"ఇంకా?"

"చన్నీళ్ళు ఇవ్వొద్దు. పళ్ళు జివ్వుమంటాయి."

"ఇంకా?"

"భయమేస్తే నన్ను పిలుస్తుంది." షీబా దుప్పటి సర్దింది. "పిలిస్తే... వస్తోందని చెప్పు పిన్నీ."

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. ఒకసారి నోరు తెరిచి మూసింది. మంచం మీంచి కృపావతి ఆవిడ చెయ్యి గిల్లింది.

"సరే" అంది పిన్ని. "చూసుకుంటా."

సెంటర్లో విజయవాడ బస్సు హారన్ కొట్టింది.

"పరిగెత్తకే" అంది అమ్మ. "డ్రైవరు మన సంఘం పిల్లాడే. ఆపమని చెప్పి పంపాను."

షీబా సర్టిఫికెట్ల ఫైలు గుండెకి హత్తుకుని వరండా మెట్ల మీదికొచ్చింది. ఆఖరి మెట్టు మీద నిలబడింది. లోపలినుంచి అమ్మ ఊపిరి ఇంకా వినబడుతోంది. కింద వీధి.

వీధిలోకి వెయ్యడానికి ఒక కాలు పైకెత్తింది.