గోధుమరంగు డాక్టరు

పాథాలజీ ల్యాబ్‌లో స్లైడ్లకు రంగులు పట్టించే టెక్నీషియన్‌కు ఇరవై రెండేళ్ల సర్వీసు. హెడ్ డాక్టరంటే ఆమెకు బొత్తిగా గౌరవం లేదు. మెదడు గడ్డ ముక్క ఏదొచ్చినా ఆయన జీఎఫ్ఏపీ స్టెయిన్ వేయమంటాడు. మెదడులో నరాల కణాలకు తోడుండే గ్లియా కణాలను, వాటిలోని ఒక ప్రొటీన్ ఆధారంగా, అది గోధుమరంగులో చూపిస్తుంది. స్లైడ్ మీద ఆ రంగు కనబడితే చాలు, వెనకా ముందూ చూడకుండా "గ్లియోమా", అంటే గ్లియా కణాల గడ్డ, అని గీకిపారేస్తాడు. అందుకే ఆమె ఆయనకు గోధుమరంగు డాక్టరని పేరు పెట్టుకుంది.

ఈసారి వచ్చింది ఓ లెక్కల మాస్టారి ముక్క, సూదితో తీసింది, బియ్యపుగింజంత. గడ్డ మాట పుట్టే చోటును ఆనుకుని ఉంది. గ్లియోమా అంటే రేపే కోత. ఆ కోతలో మాట పడిపోవచ్చు.

హెడ్ అర నిమిషం మైక్రోస్కోప్‌లోకి తొంగిచూసి పెన్ను తీశాడు.

"సార్, రంగు పట్టినవి సాలీళ్లలా కాళ్లు చాపుకున్నవే. అవి అక్కడ మొదట్నుంచీ ఉన్న మామూలు కణాలు. గడ్డ కణాలు గుండ్రంగా, గోధుమరంగు పట్టక నీలంగానే ఉన్నాయి, చూడండి."

"నువ్వెప్పుడు డాక్టరువయ్యావమ్మా?" అని నవ్వి, రిపోర్టు సాయంత్రానికి టైపు చేయించమని చెప్పి మీటింగుకు వెళ్లిపోయాడు. అక్కడ ఆయన ఉపన్యాసం 'నిర్ధారణలో జాగ్రత్త' గురించి.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎవరూ అడగకుండానే మిగిలిన ముక్కకు లింఫ్ కణాలను పట్టే స్టెయిన్ వేసింది. నాలుగింటికి గుండ్రటి కణాలన్నీ గోధుమరంగుకు తిరిగాయి. లింఫోమా, లింఫ్ కణాల గడ్డ. దానికి కోత అక్కర్లేదు, మందులు చాలు.

ఆ స్లైడ్ చూశాక హెడ్ చెవులు ఎర్రబడ్డాయి. "నాకు మొదట్నుంచీ ఇదే అనుమానం. ఈ స్టెయిన్ నేనే కదా చెయ్యమన్నాను?"

కాదంటే మొండికేస్తాడు, రేపు మాస్టారిని కోసేస్తారు. "అవును సార్, మీరే" అంది. అంత చేదు మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు.

మూడు నెలలకు మాస్టారు భార్యను వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వచ్చాడు. గడ్డ కరిగిపోయింది. మాస్టారు హెడ్ చేతులు పట్టుకుని, ఆయన చూపును, అనుభవాన్ని పావుగంట పొగిడాడు. తను కాపాడిన నోరు ఆ మొద్దు డాక్టరు భజనకే పనికొచ్చిందని ఆమె పళ్లు కొరికింది. అయినా స్లైడ్ల ట్రే పట్టుకుని గుమ్మంలోనే నిలబడి, మాస్టారు ఎక్కడైనా తడబడతాడేమోనని చివరిదాకా విన్నది. ఒక్క మాటా తడబడలేదు.