కొట్టుకొచ్చినవాడు

నీళ్ల మీద కిలోమీటరు ప్రయాణించానని మొదటిరోజు ఇంట్లో చెప్పాను. అబద్ధం కాదు. కాకపోతే ఆ కిలోమీటరులో నా ప్రమేయం ఒక్క గజం కూడా లేదు. గాలి ఎటు తోలితే అటు పోయాను.

నా పేరు అతీక్. ఖమ్మంలో టెంట్ హౌస్ నడుపుతాను. ఆషాఢంలో పెళ్ళిళ్ళు తగ్గిపోతాయి, నా షామియానాలు గోడౌన్‌లో నిద్రపోతాయి. గాలికి మాత్రం ఆ నెల సెలవు లేదు. పడమర నుంచి ఈడ్చి కొడుతుంది. అది చూస్తే నలభై ఆరేళ్ల మనిషికి ఊరికే కూర్చోబుద్ధి కాదు.

పోయినేడాది సారపాకలో ఓ పెళ్లికి టెంటు వేయడానికి వెళ్లినప్పుడు జ్యోత్స్న పరిచయమైంది. పెళ్లికూతురి చెల్లెలు, అక్కడి కాగితం మిల్లు ఉద్యోగి బిడ్డ. తమిళనాడు సముద్రతీరంలో ఆ అమ్మాయి నేర్చుకొచ్చిన ఆట ఇది. కాళ్ల కింద పలక, నడుముకు తాళ్లు, ఆ తాళ్ల చివర, అంచుల్లో పంపుతో గాలి నింపిన గదంత పతంగి. గాలి పతంగిని లాగుతుంది, పతంగి మనిషిని లాగుతుంది.

నేర్పమని అడుగుతూ నేను చెప్పిన మొదటి మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. గాలిలో గుడ్డను అదుపులో పెట్టడం మా ఖాందాన్ పని అన్నాను. ముదిగొండలో ఓ రిసెప్షన్ రోజు షామియానాతో పాటు నేనూ గాల్లోకి లేచి ఐస్‌క్రీమ్ స్టాల్ మీద దిగిన సంగతి దాచాను.

జ్యోత్స్న ఓపికగానే నేర్పింది. తన పాత పతంగి కూడా ఇచ్చింది. సాధనకు అడవి అంచున ఓ రిజర్వాయరు చూపించింది. ప్రవాహం ఉండదు, ఒడ్డు దగ్గర నడుము లోతు, చుట్టూ ఖాళీ నేల. నాకు అది రెండు వారాల్లోనే చిన్నదైపోయింది. కన్ను గోదావరి మీద పడింది. వరద రాకముందు ఇంకొక్క ఆదివారమే మిగిలింది.

"తీసుకుపోత అంకుల్. కానీ ముందు ఇక్కడ జెండా పాతి, బయల్దేరిన ఆ జెండా దగ్గరికే పదిసార్లు తిరిగి రావాలె. నడవకుండ, నీళ్ల మీదనే," అంది జ్యోత్స్న.

నీళ్లలో పడ్డ పతంగిని మళ్లీ లేపడం నాకు వచ్చు. ప్రమాదమైతే దాన్ని వదిలేసి ఈదుకు రావడమూ వచ్చు. ఈ మూడోదే పెద్ద విషయంగా తోచలేదు. వెళ్లడం కష్టం గానీ రావడానికేముంది అనుకున్నాను.

ధైర్యం ఎక్కువై ఖమ్మంలో అందరికీ చెప్పేశాను. ఆదివారం గోదావరి ఒడ్డుకు రమ్మని బంధువులను పిలిచాను. వాళ్లు ఎండలో నిలబడకూడదని షామియానా, నలభై కుర్చీలు, మైకు సెట్టు సిద్ధం చేశాను. తన సాహసానికి తానే టెంటు వేయించుకున్నవాడు మా జిల్లాలో నాకంటే ముందు ఎవరూ లేరనుకుంటాను.

ఇక సాధన మొదలైంది. పడమటి చివర ఓ వెదురుబొంగుకు ఎర్రగుడ్డ కట్టి పాతాను. అక్కడి నుంచి బయల్దేరి కొంత లోపలికి పోయి, వెనక్కి తిరిగి జెండా దగ్గరికి రావాలి. బయల్దేరడం బ్రహ్మాండంగా ఉండేది. వెనక్కి తిరిగినా గాలి నన్ను తూర్పుకే నెట్టేది. తూర్పు చివర భీమక్క మేకలు మేపుతుండేది. మొదటిరోజు నా పతంగి వాటి మధ్య కూలింది. మేకలు తలోదిక్కుకు పరుగెత్తాయి. అరవై ఏళ్ల ఆ మనిషి కట్టె ఆన్చి నిలబడి, దూరంగా వల సర్దుకుంటున్న మొగుడికి వార్త చెప్పింది.

"ఓ బొజ్జయ్యా, పతంగి సాయిబు కొట్టుకొచ్చిండు."

ఎగువన వాన పడితే దుంగలూ కొమ్మలూ అలాగే కొట్టుకొస్తాయట. రోజూ అదే చోట తేలుతుంటే ఆమె ఆశ్చర్యపడటం మానేసింది. నేను తేలే వేళకు మేకలను తోలుకుని పక్కకు జరిగేది. నేను పతంగి చుట్టి భుజాన వేసుకుని, ఎవరూ చూడకుండా తుప్పల వెనక నుంచి కిలోమీటరు నడిచి జెండా చేరేవాణ్ణి. ఎలాగైనా జెండా చేరాను కదా! సాయంత్రం జ్యోత్స్నకు మెసేజ్ పెట్టేవాణ్ణి. ఈరోజు మూడు. ఈరోజు నాలుగు. శుక్రవారానికి పది పూర్తయ్యాయి. నా కాళ్లకు బొబ్బలూ పూర్తయ్యాయి.

శనివారం జ్యోత్స్న వచ్చింది. నన్ను పలకరించకుండా నేరుగా భీమక్క దగ్గరికి వెళ్లి, అంకుల్ తిరిగి వస్తున్నాడా అని అడిగింది. రోజూ వస్తాడంది భీమక్క. నా ఛాతీ పొంగింది. ఎట్లా వస్తాడని జ్యోత్స్న అడిగింది.

"కొట్టుకొస్తడు. పోయేటప్పుడు నడిసి పోతడు, పాపం."

నేను చెప్పుల వైపు చూశాను. జ్యోత్స్న కూడా నా చెప్పుల వైపే చూసింది. ఒకసారి చేసి చూపించమంది. చేశాను. ఈసారి పతంగి మేకల దొడ్డి మీద పరుచుకుంది, లోపల మేకపిల్లలకు నీడపట్టుగా.

ఆ అమ్మాయి తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇక్కడ కొట్టుకుపోతే మేకల కాడ తేల్తవు, అంకుల్. గోదారిల గాలి ఒకదిక్కు నూకుతది, నీళ్లు ఒకదిక్కు గుంజుతయి. అక్కడ భీమక్క ఉండదు," అని వెళ్లిపోయింది.

గోదావరి ఎవరి సొత్తూ కాదు, పతంగి నాది, రేపు పొద్దున నలభై కుర్చీలు నా కోసం వేస్తారు. దొడ్డి మీద గుడ్డ లాగుతూ ఈ లెక్కలే వేసుకున్నాను. భీమక్క ఓ కొస పట్టుకుని సాయం చేస్తూ, నేను నీళ్ల మీద ఉన్నంతసేపూ ఎటు చూస్తానని అడిగింది. మేకల వైపు అన్నాను. వాటి మీద పడతానేమోనని భయం మరి.

"అందుకే ఈడికొస్తున్నవు. వాగు దాటేటప్పుడు మేం కిందికి సూడం, సాయిబూ. ఎగువకు మొకం పెట్టి నడుస్తం."

జ్యోత్స్న ఇదే మాట మొదటి నుంచీ చెబుతోంది. గాలి వచ్చే వైపు తల తిప్పు, భుజం తిప్పు, పలక అంచును నీళ్లలోకి నొక్కు అని. నేను తల ఊపుతూనే ఉన్నాను. మేకల వైపే చూస్తూ ఉన్నాను.

పొద్దు వాలకముందు మళ్లీ దిగాను. వెనక్కి తిరిగేటప్పుడు మెడ పట్టేసేంతగా పడమరకు తిప్పాను. ఎర్రగుడ్డ తప్ప ఇంకేమీ చూడలేదు. మడమలతో పలకను తొక్కిపెట్టాను. తొడలు మండాయి. నీళ్లు మొహం మీద కొట్టాయి. గుడ్డ కొంచెం పెద్దదైంది. ఇంకొంచెం పెద్దదైంది. కాసేపటికి వెదురుబొంగుకు గుద్దుకున్నాను.

కిలోమీటరు అవతల నుంచి భీమక్క కేక సన్నగా వినిపించింది. బొజ్జయ్యకు చెబుతోంది.

"వచ్చిండు."

ఒక్క మాటే. దాని ముందు ‘కొట్టుకు’ లేదు.

రెండోసారి మళ్లీ మేకల దగ్గర తేలాను.

ఆదివారం సారపాక వైపు ఒడ్డున షామియానా లేచింది. కుర్చీలు నిండాయి. బావమరిది మైకు పట్టుకుని నా గురించి నాకే తెలియని విషయాలు చెబుతున్నాడు. గోదావరి ఎర్రగా ఉంది. రిజర్వాయరులో నీళ్లు నా కోసం ఆగేవి. ఇవి ఎవరి కోసమూ ఆగేలా లేవు. ఒక్కసారి తిరిగొచ్చాను కదా, తొమ్మిదిసార్లదేముందిలే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ పతంగికి గాలి కొడుతున్నాను.

అప్పుడే నది మధ్యలో ఓ దుంగ కనిపించింది. వేర్లు పైకి, తల కిందికి, గిరగిరా తిరుగుతూ కొట్టుకొస్తోంది. నా భార్య ఖమరున్నీసా చాయ్ గ్లాసు నోటి దగ్గర పెట్టుకుంది. ఆమె రెండు గుక్కలు తాగేలోపు ఆ దుంగ మా షామియానా దాటి, మలుపు దాటి, కనిపించకుండా పోయింది. నిన్నటి దాకా నేనూ అదే జాతి. చూడగానే గుర్తుపట్టాను.

"ఎన్నయినయి అంకుల్?" జ్యోత్స్న పక్కన నిలబడి అడిగింది.

పది అంటే సరిపోయేది. శుక్రవారం అన్నదే మళ్లీ అనడం.

"ఒకటి," అన్నాను.

"నిజం ఒకటా, తుప్పల ఎనక ఒకటా?"

"నిజం ఒకటి. భీమక్క సాక్ష్యం."

ఆమె నవ్వి, తన పతంగి కొస నా చేతికిచ్చి ఎగరేయమంది. నా పతంగిలో గాలి వదిలేశాను. అది పెద్దగా నిట్టూర్చింది, నా కంటే పెద్దగా. బావమరిది మైకులో ఆగిపోయాడు. మనవాడు ఎప్పుడు దిగుతాడని ఎవరో అడిగారు. ఈ ఏడు దిగడని, నేనే మైకు తీసుకుని చెప్పాను. పిలిచినందుకు ఎవరూ తిట్టలేదు. బిర్యానీ ఉంది కాబట్టి. ఖమరున్నీసా మాత్రం చాయ్ గ్లాసు కింద పెట్టి, పొద్దుటి నుంచి మొదటిసారి కుర్చీకి వెనక్కి ఆనుకుంది.

జ్యోత్స్న గోదావరి మధ్య దాకా పోయి, మెడ ఎగువకు తిప్పి, సరిగ్గా నేను నిలబడ్డ చోటికే వచ్చి దిగింది. అడుగు అటూ ఇటూ కాలేదు. జనం చప్పట్లు కొట్టారు. నేను ఆమె మెడనే చూస్తున్నాను.

సాయంత్రం టెంటు విప్పుతుండగా బొజ్జయ్య నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. భీమక్క.

"ఇయ్యాల రాలేదేంది, సాయిబూ? గోదారిల పడ్డవేమో అనుకున్న."

దిగలేదని చెప్పాను. ఇంకా తొమ్మిది బాకీ ఉన్నాయని, రేపు వస్తానని చెప్పాను.

"వస్తవా, కొట్టుకొస్తవా?"

వస్తాననే మాట నోటిదాకా వచ్చింది. అబద్ధాలు మానేసి ఇంకా ఒక్కరోజే అయింది.

"మేకల్ని కొంచెం పక్కకు కట్టు, భీమక్కా," అన్నాను.