గట్టిగా చెప్పు సామీ

ఆ ఆదివారం పొద్దున సంపత్కుమార్ దిద్దుకున్న నామం వంకర పోయింది. అద్దంలో తన కళ్లను తానే తప్పించుకుంటూ దిద్దితే నామం తిన్నగా ఎలా వస్తుంది? రెండుసార్లు తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"సెలవు రోజు కూడా ఆఫీసేనా?" అంది భార్య వకుళాదేవి, కాఫీ గ్లాసు అందిస్తూ.

"ఆఫీసు కాదు. గంగులమ్మ దగ్గరికి పోయొస్తా."

విషయం ఆమెకు తెలుసు.

నగరి పట్టణానికి ఇవతల ఒక చిన్న మునిసిపాలిటీలో సంపత్కుమార్ సూపరింటెండెంటు. తిరుపతి నుంచి రోజూ రైల్లో పోయి వస్తాడు. సమాచార హక్కు కింద ఎవరు ఏ కాగితం అడిగినా జవాబు రాయాల్సిన అధికారి కూడా ఆయనే.

నెల కిందట గంగులమ్మ అర్జీ పెట్టుకుంది. భర్త పోయాక రెండు మరమగ్గాల మీద బతుకుతున్న మనిషి. ఆమె షెడ్డు ఉన్న జాగా మునిసిపాలిటీదని, ఖాళీ చెయ్యమని నోటీసు పోయింది. దాని గురించి ఆఫీసు తన వకీలును సలహా అడిగిందని ఎవరో చెబితే, ఆ సలహా నకలు ఇప్పించమంది.

ఆ సలహా సంపత్కుమార్ చదివే ఉన్నాడు. జాగా మునిసిపాలిటీదని చూపడానికి ఆధారమేమీ లేదు, నోటీసు వెనక్కి తీసుకోవడం మేలు అని వకీలు రాశాడు. కమిషనరు దాన్ని బీరువాలో పెట్టేశాడు. "ఆమే ఖాళీ చేసి పోతే మనకు కోర్టుతో పనేముంది? ఇవ్వకుండా ఉండే దారేదైనా చూడండి" అన్నాడు.

దారి చూసింది సంపత్కుమారే. వకీలుకూ కక్షిదారుకూ నడుమ జరిగిన మాట రహస్యం, బయటికి ఇవ్వనక్కర్లేదు అని రాశాడు. కమిషనరు భుజం తట్టాడు. ఆ సాయంత్రం రైల్లో ఆయనకు కాస్త గర్వంగానే ఉండింది.

జవాబు తీసుకోవడానికి గంగులమ్మ ఆఫీసుకు వచ్చింది. ఏళ్ల తరబడి మగ్గాల రొదలో ఉండి ఆమె చెవులు మందగించాయి.

"ఏమని రాసినావు సామీ?" అంది, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"వకీలు మాట రహస్యమమ్మా."

"ఏందీ?"

"రహస్యం! రహస్యం!"

గుమ్మం దగ్గర అటెండరు గురప్ప పకపకా నవ్వాడు. "రహస్యమంట! బస్టాండు దాకా ఇనబడినాది సార్."

ఆఫీసంతా నవ్వింది. గంగులమ్మ మాత్రం ఆయన నుదుటి నామం వంక చూసి చేతులు జోడించింది.

"రహస్యమంటే సెప్పకూడదు సామీ. నా కోసరం నువ్వు పాపం కట్టుకోవద్దు. నీ అట్లాటోడే ఇట్ల రాసినాడంటే ఆ జాగా మాది కాదనే గదా."

ఆయన కాదనలేదు, అవుననీ అనలేదు. తల మాత్రం ఆడించాడు. ఎటు ఆడించాడో తనకే తెలియదు.

మొన్న శుక్రవారం గురప్పే కబురు చెప్పాడు. "గంగులమ్మ మగ్గాలు అమ్మేస్తా ఉండాది సార్. ఆదివారం టెంపో వస్తాదంట. సామి సెప్పినాక ఇంక కోర్టెందుకు అంటాండాది."

ఆ సాయంత్రమే తమ వీధి భజన మందిరంలో రామానుజుల తిరునక్షత్రం, ఆయన పుట్టినరోజు పండుగ. ఏటా కథ చెప్పేది సంపత్కుమారే. గురువు పదేపదే తిప్పి తిప్పి, చివరికి చెవిలో చెప్పిన మంత్రం. ఎవరికీ చెప్పనని ఇచ్చిన మాట. అయినా గోపురమెక్కి ఊరందరికీ వినబడేలా చెప్పెయ్యడం. "నేనొక్కణ్ణి నరకానికి పోతే పోనీ, వీళ్లంతా తరిస్తారు కదా" అన్న చోట ఏటా ఆయన గొంతు గద్గదమవుతుంది. ఈసారి ఆ మాట దాకా పోనేలేదు. దగ్గు వచ్చినట్టు నటించి నీళ్లు అడిగాడు.

ఇంటికి నడిచి వస్తూ వకుళాదేవికి అంతా చెప్పాడు. ఆమె, "వకీలు మాట రహస్యమనడం తప్పాండీ?" అంది.

"తప్పెందుకవుతుంది? వకీలుతో చెప్పుకున్నది వీధిన పడితే ఎవరైనా వకీలు గడప తొక్కుతారా? మంచి కట్టుబాటే. కక్షిదారు ఒప్పుకుంటే తప్ప విప్పకూడదు."

"మీ వకీలుకు కక్షిదారు ఎవరు? కమిషనరా?"

"కాదు. మునిసిపాలిటీ. అంటే, ఊరు."

"గంగులమ్మ ఆ ఊరిది కాదా?"

ఆమె నిలదీయడానికి అడగలేదు. తెలియకే అడిగింది.

ఆదివారం ఆయన పోయేసరికి వీధి వీధంతా మగ్గాల రొద. గంగులమ్మ షెడ్డు ముందు టెంపో ఆగి ఉంది. ఒక మగ్గాన్ని విప్పి అప్పటికే ఎక్కించారు. కొనుక్కున్న మురుగేష్ రెండోదాని బోల్టులు విప్పిస్తున్నాడు.

సంపత్కుమార్ ఆమెను గోడవారకు పిలిచాడు. అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగి, "మగ్గాలు అమ్మొద్దమ్మా. జాగా మునిసిపాలిటీది కాదు. నేను చెప్పినట్టు ఎవరికీ..." అన్నాడు.

"గట్టిగా సెప్పు సామీ."

కాస్త గొంతు పెంచాడు.

"ఈ సెవి బొత్తిగా పోయినాది. గట్టిగా!"

అప్పుడు ఆయనకు రామానుజులు గుర్తుకు రాలేదు. కమిషనరు గుర్తుకొచ్చాడు, పెన్షను గుర్తుకొచ్చింది. వచ్చిన రైలుకే తిరిగి పోదామనిపించింది. ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని అలాగే ఎదురు చూస్తోంది.

"జాగా మునిసిపాలిటీది కాదు! ఆధారం లేదని వకీలే రాసినాడు! మగ్గాలు దించుకో!"

పక్క షెడ్డులో మగ్గం ఆగింది. దాని పక్కదీ ఆగింది. మనుషులు గడపల్లోకి వచ్చి నిలబడ్డారు. పానా చేత్తో పట్టుకుని మురుగేష్ ఇవతలికి వచ్చాడు.

"ఏం సామీ, రహస్యమంటివే! ఈ పొద్దు ఏమైనాది దానికి?"

ఎవరో కిసుక్కుమన్నారు. గంగులమ్మ నవ్వలేదు. ఆయన నామం వంకే చూస్తూ అడిగింది.

"ఇది నీకు ఎప్పుడు తెలిసినాది సామీ?"

వీధిలో ఇప్పుడు ఏ చప్పుడూ లేదు. ఆయన తల దించుకుని మెల్లగా చెప్పాడు.

"ఏందీ?" అంది ఆమె.

"మొదట్నించీ తెలుసమ్మా!"

ఆ కేక వీధి చివరిదాకా పోయింది. గంగులమ్మ చెవి దగ్గరి చెయ్యి తీసేసింది. ఈసారి ఆ చేతులు జోడించలేదు. మురుగేష్ వైపు తిరిగి, "దించబ్బా" అంది.