మేడ మీదికి పిలిచే గొంతు

"మంగళవారం నా గొంతుకు ఆపరేషన్. ఈలోగా దాన్ని పట్టి నాకివ్వండి" అంటూ డోన్యా ఒతీలియా మా స్టూడియోలోకి వచ్చింది. కొత్తగా కొన్న లౌడ్‌స్పీకర్ ఆమె చంకలో ఉంది.

స్టూడియో అంటే డాన్ అల్దెమార్ ఇంటి ముందు గది. చప్పుడు రాకుండా గోడలకు పాత పరుపులు ఆనించి ఉంటాయి. నేనక్కడ పనిచేస్తాను. వైర్లు చుట్టడం, రికార్డు చేసింది విని శుభ్రం చేయడం నా పని. మాట్లాడే పని ఆయనది.

మెడెలిన్‌లో మా పేట అంతా కొండవాలే. ఆ వాలు మీద ముప్పై ఏళ్లుగా డోన్యా ఒతీలియా రోజూ మూడింటికి బండి తోసుకుంటూ వచ్చి, మసామోర్రా అమ్ముతుంది. దంచిన మొక్కజొన్నల గంజి, పాలు, పక్కన బెల్లం ముక్క. ఆమె కేక వినగానే మేడల మీద కిటికీలు తెరుచుకుంటాయి.

"రెండు నెలలు నోరెత్తకూడదన్నాడు డాక్టరు" అంది కుర్చీలో కూర్చుంటూ. "కింది వీధిలో ఒకడు రికార్డు పెట్టుకుని మసామోర్రా అమ్ముతూ తిరుగుతున్నాడు. నా గొంతు వినపడకపోతే నా కిటికీలన్నీ వాడివే. గుర్తుపెట్టుకో అల్దెమార్, నాలో ఇంక పది కేకలు కూడా లేవు."

ఆమె కేక "మసామోర్రా పిలాదా, పనేలాతో!" అని. దంచిన జొన్నల గంజి, బెల్లంతో అని అర్థం. అందులో రెండు 'ప'లున్నాయి. 'ప' అన్నప్పుడు నోట్లోంచి దూసుకొచ్చే గాలి తిన్నగా మైకుకు తగిలితే దబ్బుమంటుంది. దాన్ని ఆపడానికి మైకు ముందు జల్లెడలా పాప్ ఫిల్టర్ పెడతాం. మా దగ్గర మూడు రకాలున్నాయి. ఒకటి డాన్ అల్దెమార్ బొగొటా నుంచి తెప్పించుకున్న ఇనప జాలీది. రెండోది మైకుకు తొడిగే స్పాంజి. మూడోది నేను చేసింది. మా ఊరి బడిలో కుట్లు నేర్పిన టీచరు ఇచ్చిన ఎంబ్రాయిడరీ ఫ్రేముకు పల్చటి నైలాన్ మేజోడు బిగించాను.

"ఎవరి మేజోడే అది?" అంది డోన్యా అనుమానంగా.

"నాదే డోన్యా. ఉతికిందే."

ఆమె గొంతు ఖర్చు కాకూడదని నేనే మైకు ముందు నిలబడి 'పిలాదా' అన్నాను. మూడూ బాగానే పనిచేశాయి. డాన్ అల్దెమార్ ఇనప జాలీని ముద్దుగా తుడిచి, "ఇంకేం, ఇదే" అన్నాడు.

డోన్యా దాని ముందు నిలబడి కేక వేసింది. లౌడ్‌స్పీకర్లో పెట్టి విన్నాం. ప్రతి 'ప' దగ్గరా దబ్, దబ్ మంది.

"ఎవడో నా తలుపు తన్నుతున్నాడు" అందామె. తర్వాత నావైపు తిరిగింది. "నువ్వు చేసింది పరీక్షే కాదే పిల్లా. నీ నోట్లో గాలెక్కడిది? నువ్వు పిలిస్తే పిల్లి కూడా తోక ఊపదు."

నిజమే. నేను తలొంచుకుని స్పాంజి తొడిగాను. దబదబలు పోయాయి, కానీ ఆమె దుప్పటి కప్పుకుని అరిచినట్టుంది. చివరికి మేజోడు పెట్టాను.

"మైకును తిన్నగా చూడండి డోన్యా. కదలకండి" అన్నాడు డాన్ అల్దెమార్.

ఈసారి 'ప' మెత్తగా పడింది. గొంతు మాత్రం చిన్నదైపోయింది. రెండోసారీ అంతే.

"బడిలో పద్యం అప్పజెప్పే పిల్లలా ఉన్నాను" అందామె. దగ్గు వచ్చింది. వేళ్లు మడిచి చూసుకుంది. "నాలుగు పోయాయి." డాన్ అల్దెమార్ ఆమెకు గోరువెచ్చటి నీళ్ల గ్లాసు అందించాడు.

నేను మూడో అంతస్తులో అద్దెకుంటాను. రోజూ కిటికీలోంచి ఆమెను చూస్తాను. పైనుంచి నాకు కనిపించేది ఎత్తిన గడ్డం, సాగిన మెడ, తెరిచిన నోరు. ఒక కాలు వెనక్కి వేసి వాలుకు ఆనించుకుంటుంది. తన ఎదురుగా ఉన్నవాళ్లను ఆమె ఎప్పుడూ పిలవలేదు. మేమేమో ఆమెను గోడకేసి చూస్తూ అరవమంటున్నాం.

"మైకు పైన కడదాం" అన్నాను.

డాన్ అల్దెమార్ నావైపు వింతగా చూశాడు. నా నోటి నుంచి అలాంటి మాట ఆయన ఎప్పుడూ వినలేదు. బల్లెక్కి కప్పు కొక్కేనికి మైకు వేలాడదీశాను. ఇనప జాలీని దానికి బిగిస్తే, బరువుకు జాలీ కాడ వంగి కిందికి జారిపోయింది. మేజోడు ఫ్రేము తేలిక. దారాలతో కట్టి, మైకుకు జానెడు ముందు నిలబెట్టాను. ఆమె గాలి బలం తెలిసింది కాబట్టి రెండో కాలి మేజోడు కూడా దాని మీద బిగించాను.

"ఇప్పుడెవర్ని పిలవనే?"

"నన్నే, డోన్యా" అన్నాను బల్ల మీద నుంచే. "మూడో అంతస్తు."

ఆమె నవ్వింది. ఒక కాలు వెనక్కి వేసింది. గడ్డం పైకెత్తింది.

"మసామోర్రా పిలాదా... పనేలాతో...!"

పరుపులు కూడా అదిరినట్టనిపించింది. కేక అయ్యాక ఆమె అలవాటుగా చెవి ఒగ్గి ఆగింది. నేనూ అలవాటుగానే, "వస్తున్నా డోన్యా!" అని అరిచేశాను.

"రికార్డవుతోందే!" అని డాన్ అల్దెమార్ నెత్తి కొట్టుకున్నాడు.

నా మాట కత్తిరించడం నిమిషం పని. ఆమె ఆగిన ఆ కాస్త నిశ్శబ్దాన్ని మాత్రం అలాగే ఉంచాను. లౌడ్‌స్పీకర్లో పెట్టాం. రెండు 'ప'లూ గుండ్రంగా, గట్టిగా వచ్చాయి. దబ్బన్న చప్పుడు లేదు. డోన్యా మడిచిన ఐదు వేళ్లూ చూసుకుని, "మిగతావి దాచుకుంటా" అంది.

ఆపరేషన్ అయిన పదో రోజున మూడింటికి బండి మళ్లీ మా వీధి ఎక్కింది. వాలు మీద ఆమెకు సాయంగా నేనూ తోశాను. డోన్యా పెదవులు బిగించుకుని, బండికి కట్టిన లౌడ్‌స్పీకర్ మీట నొక్కింది. కేక పైకి వెళ్లింది. కిటికీ ఒక్కటీ తెరుచుకోలేదు. ఆమె చెయ్యి నా మణికట్టును పట్టుకుంది.

రెండోసారి కేక పూర్తవుతుండగానే మా ఎదురు మేడ మీద కిటికీ ధడేలున తెరుచుకుంది. రోజూ గంజి కొనే లుస్మిలా తల బయటికి వచ్చింది.

"ఒసేయ్ ఒతీలియా! డాక్టరు నోరెత్తొద్దన్నాడని ఊరంతా చెప్పి, అట్లా గొంతు చించుకుంటావేమే? బుద్ధుందా నీకు? ఉండు, అరవకు! గిన్నె తెస్తున్నా!"

డోన్యా లౌడ్‌స్పీకర్‌ను చూపించింది, పెదవుల మీద వేలు పెట్టుకుంది. లుస్మిలా అప్పటికే లోపలికి వెళ్లిపోయింది. డోన్యా శబ్దం రాకుండా నవ్వుతూ, భుజాలు ఎగరేస్తూ, బండి మీద గిన్నె మూత తీసింది.