దొరసాని కుర్చీ

రెండో శనివారం వస్తే చాలు, దేవమణి టీచరు నందిగామలో ఎనిమిదింటి బస్సెక్కి జగ్గయ్యపేటలో దిగి, ఇప్పుడు టికెట్టు పెట్టి జనానికి చూపిస్తున్న పాత దివాణానికి ఆటోలో వెళ్తుంది. రిటైరై పదేళ్లయినా చీర మడత నలగనివ్వదు. ఎప్పుడూ ముందు గేటు నుంచే, టికెట్టు కొనుక్కునే లోపలికి పోతుంది. వాళ్లమ్మ ఆరోగ్యమ్మని ఆ గేటు దాటనివ్వలేదు మరి. ఆ సంగతి మర్చిపోలేదు, మర్చిపోదు కూడా.

ఆరోగ్యమ్మ దివాణం తోటకి నీళ్లు మోసేది. వసారాలో కుర్చీలోంచి దొరసాని దుర్గాంబ "ఇక చాల్లే, పో" అంటేనే బిందె దించాలి. అది అక్కడి పద్ధతి. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆరోగ్యమ్మ మల్లెమడి దగ్గర పడిపోయి ప్రాణం వదిలింది. దుర్గాంబ మజ్జిగ తాగుతూ చూస్తూనే ఉంది గానీ ఆ ఒక్క మాట అనలేదు. మీగడ మజ్జిగ, చూసినవాళ్లే చెప్పారు. తర్వాత దొరలు మేడ వదిలేసి పోయారు. ఆ మాట అనేవాళ్లు లేరు కాబట్టి, చచ్చిపోయి యాభై ఎనిమిదేళ్లయినా ఆరోగ్యమ్మ నీళ్లు మోస్తూనే ఉంది. తోటమాలిని ఎవరూ పెట్టలేదు, అవసరం పడలేదు. సెల్ఫీలు దిగేవాళ్లు దారికడ్డం నిలబడితే, టికెట్లిచ్చే ప్రేమదాసు కాస్త జరగండమ్మా, బిందెతో వస్తోంది అంటాడు. వాళ్లు జరుగుతారు.

ఈసారి దిగుడుబావిలో నీళ్లు అడుక్కి పోయాయి. ముప్పై ఏళ్ల ఆరోగ్యమ్మ మెట్టు మెట్టుకీ ఆగుతూ పైకొచ్చింది. చివరి మెట్టు మీద కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుని మళ్లీ లేచింది. డెబ్బై ఏళ్ల దేవమణి ఎదురెళ్లి, ఎప్పట్లాగే, ఇక చాల్లేవే అమ్మా అంది. వినిపించుకోలేదు. కూతురు చెబితే పని ఆపొచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

దేవమణి వసారా ఎక్కింది. కుర్చీ చుట్టూ తాడు కట్టి, కూర్చోకూడదని బోర్డు పెట్టారు.

"తాడు తియ్యి ప్రేమదాసూ."

"ఉద్యోగం పోద్ది టీచరుగారూ."

"అయితే అటు తిరుగు."

తిరిగాడు. అతనూ ఆమె దగ్గర ఎక్కాలు నేర్చుకున్నవాడే.

ఆ కుర్చీని తగలబెట్టాలని చిన్నప్పట్నుంచీ అనుకున్న మనిషి తాడు దాటి అందులో కూర్చుంది. చిన్నప్పుడు అమ్మ వెంట వచ్చి విన్న దుర్గాంబ గొంతు, ఆ విసుగుతో సహా, ఇన్నేళ్లూ కక్షతో దాచిపెట్టుకునే ఉంది.

"ఆరోగ్యం," అంది, కన్నతల్లిని పేరుపెట్టి. "ఇక చాల్లే. పో."

ఆరోగ్యమ్మ ఆగింది. వసారా వైపు తలెత్తి చూడటం ఆమెకి అలవాటు లేదు.

"చిత్తం అమ్మగారూ."

బిందె దించి, బోర్లించి, వెనక దొడ్డి గుమ్మం వైపు నడిచింది. మల్లెమడి సగమే తడిసింది.

పని అయిపోయింది గనక ఇప్పుడు పిలిస్తే వినేదే. తిరిగి కూతురి మొహం ఒక్కసారి చూసేది. చూస్తే ఇక కదిలేది కాదు. దేవమణి నోట్లో చెంగు కుక్కుకుని, ఆ పగిలిన మడమలు గుమ్మం దాటేదాకా, దొరసానిలాగే కూర్చుంది.