నాలుగో మునక

పెళ్లి ఇంకా తొమ్మిది రోజులుందనగా ముత్యాలయ్య ఇంట్లో అందరికీ పుస్తకం పిచ్చి పట్టింది.

అందరికీ అంటే నిజంగా అందరికీ. బోగోలు దగ్గర సముద్రపొడ్డున వాళ్ల పాళెంలో అరవై గడప ఉంటే, కూడబలుక్కుని చదవగలిగినవాళ్లు ఏడుగురు. ఆ ఏడుగురిలో ముత్యాలయ్య కూతురు గురవమ్మ ఒకతి. అరవై ఒకటో సంవత్సరం ఎండాకాలంలో ఆ పిల్లకు పులికాట్ సరస్సు వైపు సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు బుద్ధిమంతుడు. మామగారు కామాక్షయ్య చేపల వేటలో పేరున్న మనిషి. చిక్కల్లా దూరమే. రెండు బస్సులు మారి, ఆ పైన పడవెక్కితే గానీ ఆ ఊరు రాదు.

"మీ అందర్నీ మూటగట్టుకోని పోలేను గదా. పుస్తకంలో అంటించుకోని పోతా" అంది గురవమ్మ.

బళ్లో ఉన్నప్పుడు సంజీవరావు పంతులు పిల్లల చేత ఆకులూ పూలూ కాగితాల మీద అంటింపించేవాడు. ఆ సంగతి ఆ పిల్ల మరిచిపోలేదు. వెళ్లి అడిగితే ఆయన పాత హాజరుపట్టీ ఒకటి ఇచ్చాడు. దారంతో గట్టిగా కుట్టిన పుస్తకం, సగానికి పైగా ఖాళీ. గురవమ్మ కొబ్బరిచిప్పలో తుమ్మబంక నానబెట్టింది. పెన్సిలు చెక్కుకుని పేజీకొక పేరు రాసింది. మొట్టమొదటి పేజీలో 'నాయన' అని రాసి, దాన్ని అట్లాగే ఉంచి, మిగతావాళ్ల మీద పడింది.

నాయనమ్మ మస్తానమ్మ తన పేజీకి చచ్చిపోయిన మొగుడి వలలోంచి అరచేతి వెడల్పు ముక్క కోసిచ్చింది. తల్లి చెంచమ్మ గురవమ్మను ఊపిన ఉయ్యాల చీర పేలిక ఇచ్చింది. ఆ చీర ఇరవై ఏళ్లుగా పెట్టె అడుగున ఉందని ముత్యాలయ్యకు అప్పటిదాకా తెలియదు. ఇక మేనమామ చిన్నపోలయ్య ఏకంగా ఫోటోనే తెచ్చాడు. కావలిలో తీయించుకున్నది. అట్టతో చేసిన మోటారుకారు పక్కన, దాని తలుపు మీద చెయ్యేసి, మీసం మెలితిప్పి నిలబడ్డాడు. పాళెం మొత్తానికి అదొక్కటే ఫోటో. దాన్ని అంటించే ముందు ఇల్లిల్లూ తిప్పి చూపించుకొచ్చాడు.

ఇంకేముంది, సంగతి పొక్కింది. ఎదురింటామె గాజుముక్క తెచ్చింది, ఆమెను చూసి ఇంకో నలుగురూ గాజుముక్కలే తెచ్చారు. పక్కింటి ముసలాయన నెల్లూరులో సర్కసు చూసిన టిక్కెట్టు తెచ్చాడు. ఒకామె సబ్బు మీది బొమ్మకాగితం తెచ్చి, "మేం చుట్టాలం గామా?" అని దెబ్బలాడింది. మొదట్లో ఎనిమిది పేజీలనుకున్న పుస్తకం ముప్పై దాటి, ఉబ్బి, మూత పడనని మొరాయించింది.

మొదటి పేజీ మాత్రం ఖాళీగానే ఉంది.

"నాయనా, ఏందోకటి ఇయ్యి" అని గురవమ్మ రోజుకు మూడుసార్లు అడుగుతోంది. ముత్యాలయ్య రోజుకు మూడుసార్లూ తల గోక్కుంటున్నాడు. తెప్ప ఇద్దామంటే పేజీలో పట్టదు. వలముక్క ఇద్దామంటే తన తల్లి మస్తానమ్మ ముందే ఆ పని చేసింది. పైగా చిన్నపోలయ్య ఊరుకుంటాడా?

"ఏం బావా, ఇరవై ఏండ్లు కూతుర్ని సాకినావు. ఒక్క పేజీకి సరిపోయేది నీ కాడ లేదా?"

నవ్వులాటకే అన్నాడు. కానీ ఆ మాట ముత్యాలయ్య గుండెలో ముల్లులా దిగింది. బిడ్డ అంత దూరం పోయి, అక్కడ ఏ పొద్దున్నో దిగులేసి పుస్తకం తెరిస్తే మేనమామ మీసం కనపడుతుంది, ఎదురింటామె గాజు కనపడుతుంది, కన్నతండ్రి మాత్రం కనపడడు. అది తలుచుకుంటే అన్నం సయించలేదు.

ఎండు సావిడాయి చేప తోక తెచ్చి అంటించాడు. వెండిలా తళతళలాడుతోందని మురిసిపోయాడు. పావుగంట తిరక్కుండా పిల్లి వచ్చి పుస్తకాన్ని నోట కరుచుకుని ఇసకలో పడి పరిగెత్తింది. పిల్లి వెనక గురవమ్మ, గురవమ్మ వెనక చెంచమ్మ, చెంచమ్మ వెనక తిట్లతో మస్తానమ్మ. పుస్తకం దక్కింది, తోక దక్కలేదు. మర్నాడు తెడ్డు అంచు చెక్కి బొటనవేలంత ముక్క తెచ్చాడు. దాన్ని పెట్టి మూస్తే పుస్తకం నోరు తెరిచిన మొసలిలా నిలబడింది.

"తా దూర కంత లేదు, మెడకొక డోలంట" అంది మస్తానమ్మ. "ముందు పుస్తకం మూతబడే దోవ చూడరా."

పెళ్లికి మూడు రోజుల ముందు ఆడవాళ్లు గాజులకని కావలి వెళ్లారు. ముత్యాలయ్య ఇంటి ముందు వలలకు రంగు పెడుతున్నాడు. పెద్ద కాగులో తుమ్మచెక్క పొద్దుటి నుంచీ కుతకుత ఉడుకుతోంది. నూలు వల ఉప్పునీళ్లకు కుళ్లకుండా ఉండాలంటే ఆ కషాయం పట్టాల్సిందే. మూడు మునకలు వేస్తే వల తాటిబెల్లం రంగు తిరిగి ఏడాదంతా ఢోకా లేకుండా నిలుస్తుంది. ముప్పై ఏళ్లుగా ఆ పని చేసి చేసి ముత్యాలయ్య అరచేతులు కూడా అదే రంగుకు తిరిగాయి. సబ్బుకు పోదు, సముద్రానికీ పోదు.

మధ్యలో మంచినీళ్లకని లోపలికి వెళ్లి, ఎవరూ లేరు కదా అని పుస్తకం తీసి చూసుకున్నాడు. తన పేజీ తెరిచాడు. 'నాయన' అన్న మాట పక్కన ఆవగింజంత చిల్లి ఉంది. చిల్లిలోంచి వెండిపొట్టులాంటి పురుగొకటి తల బయటపెట్టి, ఆయన్ను చూసి, మళ్లీ లోపలికి పోయింది.

ముత్యాలయ్యకు ఒళ్లు మండింది. ఇక్కడే ఇట్లా ఉంటే ఆ సరస్సు పక్క చెమ్మగాలిలో ఈ పుస్తకం గతేమిటి? ఏడాది తిరిగేసరికి అమ్మా ఉండదు, మామా ఉండడు, అంతా పొడి. బిడ్డ ఒంటరిదైపోతుంది.

అప్పుడే కిటికీలోంచి తుమ్మచెక్క వాసన గుప్పున కొట్టింది.

ఆయన మొహం పెట్రోమాక్సు దీపంలా వెలిగిపోయింది. ఇన్నాళ్లూ ఏమివ్వాలా అని కొట్టుకున్నాడు. చేతిలో వెన్న పెట్టుకుని నేతికి ఊరంతా తిరగడమంటే ఇదే. కుళ్లకుండా కాపాడే మందు తన కాగులోనే ఉడుకుతోంది! కాగితం కదా అని ఒక్క క్షణం అనుమానం రాకపోలేదు. కానీ దానికీ ఆయనే సమాధానం చెప్పుకున్నాడు. అంటించింది తుమ్మబంకతో, ముంచేది తుమ్మచెక్కలో. ఒక చెట్టు బిడ్డలు, ఒకదానికొకటి ద్రోహం చేసుకుంటాయా?

పుస్తకం తెరుచుకోకుండా వలతాడుతో అడ్డంగా, నిలువుగా కట్టాడు. గంగమ్మకు దణ్ణం పెట్టుకుని ముంచాడు. ఒకటి. ఎత్తి, కారనిచ్చి, మళ్లీ ముంచాడు. రెండు. పాట కూడా ఎత్తుకున్నాడు. మూడు. వలకైతే అక్కడితో సరి. ఆయన ఆగి, చేతిలో బరువెక్కిన పుస్తకాన్ని చూసి, ఇంకొక్కసారి ముంచాడు. నాలుగు.

తాడు విప్పాడు.

సర్కసు టిక్కెట్టు జారి కాగులో పడింది. దాని వెనక గాజుముక్కలు, ఉయ్యాల పేలిక, సబ్బుకాగితం. ఒకే చెట్టు బిడ్డలు వేడినీళ్లలో క్షణంలో విడిపోయాయి. ముత్యాలయ్య పాట ఆగిపోయింది. చిల్లులగరిటె తెచ్చి కాగు మీద పడ్డాడు. ముప్పై ఏళ్ల వేటలో అంత చిన్నవాటిని అంత భయపడుతూ ఎప్పుడూ పట్టలేదు. ఒక్కొక్కటీ తీసి ఇసకలో పరిచిన గోనె మీద ఆరబెట్టాడు. ఆఖరున ఫోటో దొరికింది. కారు ఉంది. కారు తలుపు మీద చెయ్యి ఉంది. ఆ చేతికి మనిషి లేడు.

ఆడవాళ్లు వచ్చేసరికి ఆయన గోనె పక్కన గొంతుక్కూర్చుని, కాకులను తోలుతూ ఉన్నాడు.

గురవమ్మ గాజుల మూట కింద పెట్టింది. ఏడవలేదు, అరవలేదు. దానికే ముత్యాలయ్యకు ఎక్కువ భయమేసింది.

"ఎందుకు ముంచినావు నాయనా?"

"పురుగు పట్టిందమ్మా. నీ పేరు... కాదు, నా పేరు కాడనే. నాకు తెలిసిన మందు ఇదొక్కటే" అన్నాడాయన, తప్పు చేసిన బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని.

చెంచమ్మ నోరు తెరిచింది. మంచి ఊపుతో తిట్టబోయిందే గానీ, మస్తానమ్మ అడ్డం పడి, "చూడండిరా, నా మొగుడి వలముక్క! నాలుగు కుట్లేసినా గాబట్టి ఊడలేదు. రంగు కూడా మారలేదు. బతికినప్పుడూ అంతే, ఎవరేం జెప్పినా మారేవోడు గాదు!" అని కేక పెట్టింది.

సరిగ్గా అప్పుడే చిన్నపోలయ్య వచ్చాడు. గోనె మీద ఫోటో తీశాడు. దగ్గరగా చూశాడు. దూరంగా పెట్టి చూశాడు. తిప్పి వెనక కూడా చూశాడు.

"నేనేడ?" అన్నాడు.

చెంచమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"బావా, కారుండాది. నేనేడ?"

"లోపల కూసోనుంటావు బావా" అన్నాడు ముత్యాలయ్య.

ముందు గురవమ్మకు నవ్వొచ్చింది. ఆపుకోబోయింది, ఆగలేదు. ముక్కులోంచి వచ్చింది. ఆ చప్పుడుకు చెంచమ్మకు వచ్చింది, మస్తానమ్మకు వచ్చింది, గోడవతల చూస్తున్న ఎదురింటామెకు వచ్చింది. చిన్నపోలయ్య ఒక్కడే మొహం గంటు పెట్టుకుని నిలబడ్డాడు. ఆఖరికి ఆయన కూడా కడుపు పట్టుకుని ఇసకలో కూలబడ్డాడు. నవ్వాగితే చాలు, ఎవరో ఒకరు "నేనేడ?" అనడం, మళ్లీ మొదలవడం.

రెండు ఎండలకు పుస్తకం ఆరింది. పేజీలన్నీ అలలు తిరిగి, తాటిబెల్లం రంగుకొచ్చాయి. పెన్సిలు రాతలు మాత్రం చెరగలేదు. మళ్లీ తుమ్మబంక నానింది, అందరూ మళ్లీ చేరారు. ఈసారి గొడవ రెట్టింపు. ఏ గాజుముక్క ఎవరిదో తెలియదు. నాదంటే నాదని పోట్లాడి, ఆ గాజు ఏ తిరునాళ్లలో కొన్నదో, ఏ మొగుడు విరగ్గొట్టిందో కథలన్నీ బయటికి లాగారు. మొదటిసారి ఎవరూ ఆ కథలు చెప్పలేదు. సబ్బుకాగితం ముసలాయన పేజీకీ, సర్కసు టిక్కెట్టు సబ్బామె పేజీకీ పోయాయి. కారు పక్కన ఖాళీలో చిన్నపోలయ్య బొగ్గుతో మీసం ఒక్కటి గీసుకున్నాడు.

అంతా నవ్వుతున్నారు. ముత్యాలయ్య కూడా నవ్వుతున్నాడు. కానీ ఆయన చూపు మొదటి పేజీ మీదే ఉంది.

"అమ్మా, దాంట్లో..." అన్నాడు నెమ్మదిగా.

గురవమ్మ పుస్తకం మూసి పెట్టెలో పెట్టేసింది. కోపం పోలేదనుకున్నాడు ముత్యాలయ్య. పోదులే అనుకున్నాడు. వేసిన వల తీసుకోగలం గానీ చేసిన పని తీసుకోగలమా?

పెళ్లి జరిగిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక సరస్సువాళ్లు పందిట్లో చాపల మీద సర్దుకున్నారు. పుస్తకం ముచ్చట అప్పటికే వాళ్ల చెవిన పడింది.

"ఏదమ్మే కోడలా, ఆ కాగులో స్నానం జేసిన పుస్తకం చూపీ" అన్నాడు కామాక్షయ్య.

గురవమ్మ తెచ్చి పక్కన కూర్చుంది. ముత్యాలయ్య పందిరి గుంజ వెనక నక్కి నిలబడ్డాడు. కామాక్షయ్య చదువు రానివాడు. ఒక్కొక్క పేజీ తిప్పుతూ, వేలితో తడుముతూ ఎవరిదని అడిగాడు. ఉయ్యాల పేలిక దగ్గర తల ఊపాడు. బొగ్గుమీసం దగ్గర పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. చివరిదాకా పోయి, మళ్లీ మొదటికి తిప్పాడు.

"ఇదెవురిది?"

"మా నాయనది."

"ఏమీ అంటించలేదే. ఖాళీగా ఉండాది."

"ఖాళీ యాడుండాది మామా? ఒక్కో పేజీలో ఒక్కొక్కరుండారు. మా నాయన అన్ని పేజీల్లోనూ ఉండాడు. వాసన చూడు."

కామాక్షయ్య పుస్తకాన్ని ముక్కు దగ్గరికి తీసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. సరస్సయినా సముద్రమయినా, వేటగాడికి ఆ వాసన ఎవరూ చెప్పక్కర్లేదు.

"తుమ్మచెక్క" అన్నాడు. "ముదురు చెట్టుది. మూడు మునకలు."

"నాలుగు!"

గుంజ వెనక నుంచి ఆ కేక వినపడి పందిరంతా అటు తిరిగింది. ముత్యాలయ్య దాక్కున్న సంగతే మరిచిపోయి ముందుకొచ్చేశాడు.

"వలకైతే మూడే. ఇది నా బిడ్డది గదా. నాలుగేసినా."

ముంచిన రోజు రాని ఏడుపు గురవమ్మకు అప్పుడొచ్చింది. లేచి వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుని, తీసుకొచ్చి ఆ పేజీ పక్కన కూర్చోబెట్టింది. చెయ్యీ పేజీ ఒకే రంగులో ఉన్నాయి. ముత్యాలయ్య కూడా ఏడ్చాడు. చిన్నపోలయ్య ఎక్కడి నుంచో "నేనేడ?" అనేసరికి ఇద్దరూ ఏడుస్తూనే నవ్వారు.

కామాక్షయ్య మాత్రం పుస్తకం వదల్లేదు. మళ్లీ ఒకసారి వాసన చూసి, వియ్యంకుడి దగ్గరికి జరిగి కూర్చున్నాడు.

"అవునుగానీ బావా, ఆ నాలుగోది వేడి మీదనే వేసినావా, చల్లారినాకనా?"