నల్ల పురుగులకు పండుగ రొట్టె

కాయెతాన్‌కు తన తెలివి మీద పెద్ద నమ్మకం లేదు. తన పెప్టైడ్ మీద మాత్రం కొండంత నమ్మకం. పోజ్‌నాన్‌లోని ఒక ప్రయోగశాలలో నాలుగేళ్లుగా అతను నల్ల పిండిపురుగుల ఒంట్లో కబుర్లు మోసే ఆ బుల్లి అణువు వెంట పడ్డాడు. అది వెళ్లి "ఇక చాలు, శాంతించండి" అని చెబితే రక్తకణాలు సూక్ష్మజీవుల్ని మింగడం తగ్గిస్తాయని అతని వాదన. అది నిజమైతే డాక్టరేటు. కాకపోతే నడివయసులో పురుగులకు సూదులు పొడుచుకునే మనిషిగా మిగిలిపోవడమే.

ఈసారి నిజమైంది. రెండు పెట్టెల్లోని పురుగుల్నీ పస్తు పెట్టాడు. ఒక పెట్టెకు పెప్టైడ్ ఎక్కించాడు, రెండోదానికి ఉత్త ఉప్పునీళ్లు. మర్నాడు అన్నింటికీ సూక్ష్మజీవుల్ని ఎక్కించి చూస్తే, ఉప్పునీళ్ల పురుగుల రక్తకణాలు వాటిని ఆబగా మింగేస్తున్నాయి. పెప్టైడ్ పురుగులవి ముట్టుకోవడానికే బద్ధకిస్తున్నాయి. కాయెతాన్ ఇంటికి పరుగెత్తి భార్యను ఎత్తి గిరగిరా తిప్పాడు.

"దించు బాబూ, నడుం పట్టేస్తుంది," అంది ఉర్షులా. "నాది కాదు, నీది."

పట్టేసింది కూడా.

ఆ నడుముతోనే సోమవారం ప్రయోగశాలలో అందరి ముందూ నిలబడి తెర మీద ఫొటోలు చూపించాడు. ప్రొఫెసర్ బోగుమీవా ముందుకు వంగి చూసింది.

"ఏమయ్యా, ఆ ఉప్పునీళ్ల పెట్టెలో తెల్లగా ఏంటవి? గుడ్లా?"

కాయెతాన్‌కు అప్పుడు గుర్తొచ్చింది. సెయింట్ మార్టిన్ పండుగనాడు సూదులు పొడవడం ముగించి, గసగసాలు కూరిన పండుగ రొట్టె బయటికి తీశాడు. ఆ రొట్టెను పక్కవాళ్లకు ముక్కైనా పెట్టకుండా తినేవాణ్ణి ఆ ఊళ్లో పిసినారి అంటారు. పక్కన ఎవరూ లేరు. "పాపం, మీకు ఎలాగూ మందు లేదు, పండుగైనా చేసుకోండి," అని ఉప్పునీళ్ల పెట్టెలో ఓ ముక్క తుంచి వేశాడు. పెప్టైడ్ పెట్టెలో మాత్రం వేయలేదు. ప్రయోగం చెడిపోతుందట! అంత జాగ్రత్తపరుడు మరి.

ఇప్పుడు గుడ్లే అనేస్తే సరిపోతుంది. పురుగులు గుడ్లు పెట్టడం నేరమేం కాదు. మెడ అప్పుడే అవునన్నట్టు ఊగడానికి సిద్ధమైంది. కానీ తర్వాత జీవితమంతా ఆ గుడ్లను పొదగాల్సింది తనే. ఏడుపొచ్చినంత పనైంది.

"కాదు మేడమ్. గసగసాలు."

"గసగసాలా?"

"రొట్టెలోవి. పండుగ కదా అని."

"రెండింటికీ వేశావా?"

"ఒక్కదానికే. రెండోది ప్రయోగం కదా మేడమ్."

"మరి మొదటిది ఏంటయ్యా, పిక్నిక్కా?"

గదంతా గొల్లుమంది. ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. తర్వాత మెల్లగా అంది: "తిన్నవాళ్లనీ పస్తున్నవాళ్లనీ పోల్చి, తేడా అంతా నీ పెప్టైడ్ ఖాతాలో వేశావు. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేశాడు. రెండు పెట్టెలకూ పస్తే. ఏ తేడా లేదు. నాలుగేళ్ల పెప్టైడ్ నోరు మెదపలేదు.

"కడుపు నిండిందని ఒంటికి చెప్పేదీ ఏదో ఒక పెప్టైడే కదా," అంది ఆవిడ. "దాన్ని పట్టుకో."

"మొదటి నుంచా?"

"మొదటి నుంచే."

ఇంటికొచ్చి బల్ల ముందు కూలబడ్డాడు.

"ఏం తేలింది?" అంది ఉర్షులా, అతని ముందు జురెక్ సూప్ గిన్నె పెడుతూ.

"నా నాలుగేళ్ల చాకిరీ కంటే చిన్న రొట్టెముక్క ఎక్కువ పని చేసిందని."

ఆమె నవ్వలేదు. "తిను ముందు."

తిన్నాడు. సగం గిన్నె అయ్యేసరికి రేపు ఏ పెట్టెకు ఏం పెట్టాలో ఆలోచన మొదలైంది. గిన్నె ఖాళీ అయ్యేసరికి పోట్లాడే ఓపిక కూడా వచ్చింది. కొత్త సిద్ధాంతం చేతులూపుతూ చెప్పసాగాడు. చెబుతూనే ఇంకొంచెం వెయ్యమని గిన్నె జరిపాడు.

"వేస్తాను కానీ," అంది ఉర్షులా, "నాలుగేళ్లుగా ఈ ఇంట్లో పెప్టైడ్ పెట్టె నేనేనా?"

అప్పుడు చూశాడు. ఆమె ముందు గిన్నె కూడా లేదు. కుండలో మిగిలింది ఒక్క గరిటె.

కాయెతాన్ లేచి, ఆ గరిటె ఆమెకు వడ్డించాడు. తర్వాత గుడ్లు వేయించడానికి పొయ్యి వెలిగించాడు.